నీళ్ళు రావడంలేదని స్పానిషులో చెప్పాలంటే

ఫిల్మ్‌నగర్ నించి ఒక సోదరి ఇలా రాశారు: “వచ్చే నెల మా అమ్మాయి పురిటికి డల్లాసు వెళ్తున్నాను. అల్లుడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతాడు. అమ్మాయి మంచం మీద వుంటుంది. పసిబిడ్డనీ, ఇంటినీ చూసుకోవలసింది నేనే. ఇల్లు తుడవడానికి వచ్చే మనిషికీ, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చే మనిషికీ స్పానిషు వచ్చినట్టు ఇంగ్లీషు రాదుట. నాకా ఇంగ్లీషే అంతంతమాత్రం. ఈ వయస్సులో స్పానిషు పట్టుబడుతుందా?”

తప్పకుండా పట్టుబడుతుంది. భాషంతా నేర్చుకోవాలనుకుంటే ఈ జన్మ చాలదేమో గాని, ఇంటి ఇబ్బందులు చెప్పుకోవడానికి పాతిక వాక్యాలు చాలు. రోజుకి రెండు చొప్పున వంటచేస్తూ వల్లించినా, విమానం ఎక్కేలోగా నోటికి వచ్చేస్తాయి.

ఆ మాటకొస్తే, కొత్త భాషలో కుళాయి గురించి మాట్లాడుకోవడం మన సినిమావారి ఇళ్ళకి కొత్తేమీ కాదు. తెలుగు సినిమాలు మద్రాసులో తయారయ్యే రోజుల్లో కోడంబాకం, వడపళని, త్యాగరాయనగరు ప్రాంతాల్లో కాపరం పెట్టిన మన ఆడవాళ్ళు ముందు నేర్చుకున్న అరవం ఏమిటనుకున్నారు? “తణ్ణి వరలై” – నీళ్ళు రావడంలేదు. “కరెంట్ పోచ్చు” – కరెంటు పోయింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ఇక్కడ మొదలయింది. తరవాత ఇరవై ఏళ్ళలో ఒక్కొక్కరే మద్రాసు వదిలి జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీదికి చేరారు. ఇక్కడ బండలు తొలిచి ఇళ్ళయితే కట్టుకున్నారు గాని, ఆ బండల మీదికి నీళ్ళు ఎక్కించడం మళ్ళీ ఒక ప్రహసనమే. ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ ఆ ఇల్లాళ్ళే “పానీ నై ఆరా” అనడం నేర్చుకున్నారు. కుళాయి కాస్తా ‘నల్లా’ అయింది. అత్తగారు అరవంలో నెగ్గుకొచ్చారు, కోడలు హైదరాబాదీ ఉర్దూలో నెగ్గుకొచ్చింది. ఇప్పుడు మీ వంతు స్పానిషు, అంతే!

అమెరికాలో స్పానిషు ఎందుకు?

ఈ సందేహం చాలామందికి వస్తుంది. అమెరికాలో ఇంగ్లీషు తరవాత ఎక్కువమంది మాట్లాడే భాష స్పానిషే. 4 కోట్లమందికి పైగా ఇంట్లో ఆ భాషే మాట్లాడుకుంటారు. మన పిల్లలు వేల సంఖ్యలో స్థిరపడిన టెక్సాసు రాష్ట్రం 1836 దాకా మెక్సికో దేశంలో భాగం. అంతకుముందు స్పెయిన్ రాజుల ఏలుబడిలో వుండేది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో ప్రతి పదిమందిలోనూ సుమారు నలుగురు మెక్సికో, లాటిన్ అమెరికా మూలాలు వున్నవారే. ఇళ్ళు కట్టడంలోనూ, మరమ్మతు పనుల్లోనూ, ఇల్లు శుభ్రంచేసే పనుల్లోనూ వారిలో చాలామంది కనిపిస్తారు. అంచేత ఇంగ్లీషు రాకపోయినా స్పానిషు నాలుగు ముక్కలు వస్తే మీ పని జరిగిపోతుంది.

ఫిల్మ్‌నగర్ పద్ధతి

భాష నేర్చుకోవడానికి మన ఫిల్మ్‌నగరులోనే ఒక మంచి పద్ధతి వుంది. ముంబయి నించి వచ్చే కథానాయికలకి చాలామందికి తెలుగు రాదు కదా! వారు ముందు వ్యాకరణం చదవరు. ఆ రోజు చెప్పవలసిన డైలాగుని తమకి తెలిసిన లిపిలో రాసుకుంటారు. అర్థం అడిగి తెలుసుకుంటారు. ఎక్కడ విరవాలో, ఎక్కడ నొక్కాలో విని పట్టుకుంటారు. అద్దం ముందు పదిసార్లు అనుకుంటారు. కెమెరా ముందు మరిచిపోతే సహాయ దర్శకుడు పక్కనించి అందిస్తాడు. మీరూ అలాగే చెయ్యండి. విడి మాటలు బట్టీపట్టకండి. వాక్యాన్ని వాక్యంగా, డైలాగు చెప్పినట్టు నేర్చుకోండి. ఒక్కటే తేడా – వారికైతే తరవాత డబ్బింగు చెప్పేవారు వుంటారు, మీకు మీరే చెప్పుకోవాలి.

తెలుగు లిపిలో రాసుకుంటే సరిపోతుందా అంటే, దాదాపు పూర్తిగా సరిపోతుంది. స్పానిషులో రాసినట్టే పలుకుతారు, ఇంగ్లీషులాగా దోబూచులాడదు. త, ద అక్షరాలు మనవాటిలాగే పళ్ళకి తగిలి పలుకుతాయి. మాటలు చాలామటుకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అన్నారు కదా, స్పానిషు ఆ ఇటాలియన్‌కి సాక్షాత్తూ అక్కచెల్లెలు! రెండు మూడు చిక్కులు మాత్రం వున్నాయి. వ, బ అక్షరాలకి తేడా లేదు – మాట మొదట్లో బ, మధ్యలో మెత్తబడి వ లాగా వినిపిస్తుంది. హ శబ్దం గొంతులోంచి, ఉర్దూవారి ఖ కి దగ్గరగా వస్తుంది. ఇక ర కి రెండు రూపాలున్నాయి: ఒకటి మామూలు ర, రెండోది నాలిక ఆడించి పలికే ర. మనం వాడుకలోంచి తోసేసిన బండి ‘ఱ’ ఆ దేశంలో ఇంకా బతికి వుందనుకోండి. ‘పెరో’ అంటే ‘కాని’, ‘పెఱ్ఱో’ అంటే ‘కుక్క’. కాని అనబోయి కుక్క అన్నా మన మాట అర్థంచేసుకుంటారు లెండి, భయంలేదు.

నీళ్ళ గొడవలు

ముందు ఇవి నేర్చుకోండి:

నో ఆయ్ ఆగ్వా – నీళ్ళు లేవు.
నో సాలె ఆగ్వా – నీళ్ళు రావడంలేదు.
నో సాలె ఆగ్వా కాల్యెంతె – వేడినీళ్ళు రావడంలేదు.
లా యావె గొతేయా – కుళాయి కారుతోంది.
ఎల్ ఫ్రెగదేరో ఎస్తా తపాదో – గిన్నెలు కడిగే తొట్టి మూసుకుపోయింది.
ఎల్ బాన్యో ఎస్తా తపాదో – బాత్‌రూము మూసుకుపోయింది.

‘యావె’ అంటే కుళాయి అనీ, తాళంచెవి అనీ రెండర్థాలూ వున్నాయి. ఇది మెక్సికోవారి మాట. స్పెయిన్ దేశంవారు కుళాయిని ‘గ్రీఫో’ అంటారు. మనలో కొందరు కుళాయి అనీ, కొందరు పంపు అనీ, కొందరు నల్లా అనీ అనడంలేదూ, ఇదీ అంతే. టెక్సాసులో ‘యావె’ అంటే చాలు.

బాలింత వున్న ఇంట్లో వేడినీళ్ళ వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. దానితోపాటు ఇదికూడా జ్ఞాపకం పెట్టుకోండి: దోందె ఎస్తా లా యావె దె పాసో? అంటే, ఇంటికంతటికీ నీళ్ళు కట్టేసే కుళాయి ఎక్కడుంది? 2021 ఫిబ్రవరిలో టెక్సాసులో మంచు తుపాను వచ్చి లక్షలాది ఇళ్ళకి కరెంటు పోయింది. గోడల్లో గొట్టాలు గడ్డకట్టి పగిలి, ఇళ్ళు నీళ్ళతో నిండాయి. అలాంటప్పుడు ఆ పెద్ద కుళాయి ఎక్కడుందో తెలిసినవారు నష్టం తగ్గించుకోగలరు. అందుకని వెళ్ళిన మొదటి రోజునే అల్లుణ్ణి అడిగి చూసి వుంచుకోండి. గొట్టం పగిలిందనడానికి ‘సె రెవెంతో లా తుబెరీయా’ అంటారు.

కరెంటూ, గ్యాసూ

సె ఫ్వే లా లూస్ – కరెంటు పోయింది.
లా లవదోరా నో ఫున్స్యోనా – బట్టలుతికే మిషను పనిచెయ్యడంలేదు.
సె దెస్కొంపూసో – పాడయింది.
వేలె ఆ గాస్ – గ్యాసు వాసన వస్తోంది.

‘సె ఫ్వే లా లూస్’ అంటే మాటకి మాట ‘దీపం వెళ్ళిపోయింది’ అని. మనం ‘కరెంటు పోయింది’ అంటాం, మద్రాసులో ‘పోచ్చు’ అన్నారు, హైదరాబాదులో ‘లైట్ గయీ’ అంటారు. ఏ దేశంలోనైనా కరెంటు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయే చుట్టమే అన్నమాట!

నాలుగో వాక్యం విషయంలో మాత్రం నవ్వులాట పనికిరాదు. గ్యాసు వాసన గట్టిగా వస్తే ముందు స్విచ్చి ముట్టుకోకండి, అగ్గిపుల్ల గీయకండి. బిడ్డనీ, బాలింతనీ, పనిచేస్తున్న మనిషినీ తీసుకుని బయటికి నడవండి. ఆ తరవాతే ఫోను. అక్కడ ఆపద సమయంలో పిలిచే నంబరు 911. ‘వేలె ఆ గాస్’ అనే మూడు ముక్కలు మీరు ముందుగా పనిమనిషికి చెప్పగలిగితే, ఆవిడ స్టవ్వు వెలిగించబోయే చెయ్యి ఆగిపోతుంది. భాష నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం వుంటుందా?

పగిలిందా, పగలగొట్టారా?

ఇప్పుడు చెప్పబోయే సంగతి కొంచెం నిదానంగా చదవండి. ఇంట్లో జరిగే సగం మనస్పర్ధలు ఇక్కడే పుడతాయి.

‘గ్లాసు పగిలింది’ అనడానికీ ‘గ్లాసు పగలగొట్టావు’ అనడానికీ తేడా మన పసిపిల్లలకికూడా తెలుసు. మొదటిది వార్త, రెండోది నింద. హైదరాబాదీ ఉర్దూలోనూ అంతే: ‘టూట్ గయా’ అంటే పగిలింది, ‘తోడ్ దియా’ అంటే పగలగొట్టారు. స్పానిషులో ఈ పని ‘సె’ అనే చిన్న అక్షరం చేస్తుంది.

సె రొంప్యో ఎల్ బాసో – గ్లాసు పగిలింది.
సె మె రొంప్యో ఎల్ బాసో – నా చేతిలో గ్లాసు పగిలింది.
సె మె కయ్యో – నా చేతిలోంచి జారిపడింది.
ఉస్తెద్ రొంప్యో ఎల్ బాసో – గ్లాసు మీరు పగలగొట్టారు.

మన భాష ఎలా ఆలోచిస్తుందో ఆ భాషా అలాగే ఆలోచిస్తోంది, చూశారా! పనిచేసే ఆవిడ వచ్చి ‘సె మె కయ్యో’ అందనుకోండి. ఇంగ్లీషుకి అలవాటుపడిన చెవికి, ‘దానంతట అదే పడిందిట, తన తప్పేం లేదుట’ అని తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది. కాని ఆ ‘మె’ వుందే, అదే ఆవిడ ఒప్పుకోలు. ‘నా చేతిలోంచి జారిందమ్మా’ అని మన ఇంట్లో పనిచేసే మనిషి చెబితే మనం ఎలా తీసుకుంటామో అలాగే తీసుకోవాలి. కావాలని చెయ్యలేదు, నా చేతిలోనే జరిగింది – ఈ రెండూ ఆ మూడు ముక్కల్లోనే వున్నాయి. ఇది తెలియక ఎవరైనా ఆవిడ్ని అబద్ధాలకోరు అనుకుంటే ఆవిడ పనే పోవచ్చు. గ్లాసుదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు.

అలాగే, మీకు సంగతి ఎలా జరిగిందో తెలియనప్పుడు నాలుగో వాక్యం జోలికి పోకండి. మొదటి వాక్యం చెప్పి వూరుకోండి. ఆవిడ ‘సె మె రొంప్యో’ అంటే, ‘నో సె ప్రెయొకూపె’ అనండి – ఫరవాలేదు, బాధపడకండి అని. ఈ ఒక్క ముక్కా మిగిలిన పాతిక వాక్యాలకి పెట్టు.

మీరు అనండి

పైన నేను ‘ఉస్తెద్’ అన్నది గమనించారా? స్పానిషులో ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు. ‘తమరి దయ’ వంటి పాతకాలపు గౌరవవాచకం అరిగి అరిగి ‘ఉస్తెద్’ అయింది. మన ‘తమరు’, ‘ఏలినవారు’ లాంటిదన్నమాట. హైదరాబాదు వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది ‘తుమ్’ ఒక్కటే నేర్చుకుని పాలవాణ్ణీ, పక్కింటి పెద్దాయన్నీ ఒకే గాట కట్టేవారు. డల్లాసులో ఆ పని చెయ్యకండి. వయసులో పెద్దా చిన్నా చూడకుండా ఇంటికి పనికి వచ్చినవారిని ‘ఉస్తెద్’ అనండి. ఆడవారిని ‘సెన్యోరా’ అనండి, అమ్మగారూ అన్నట్టు. గొట్టాలు బాగుచేసే ఆయన్నీ, గోడ కట్టే ఆయన్నీ మెక్సికోవారు గౌరవంగా ‘మాయెస్త్రో’ అని పిలుస్తారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందా? మన ‘మేస్త్రీ’ గారే!

అవును, ఇద్దరూ దాయాదులే. 1498లో వాస్కో డ గామా కోళికోడు రేవులో దిగినప్పటినించి పోర్చుగీసువారి మాటలు మన ఇళ్ళల్లోకి చేరాయి. పోర్చుగీసు, స్పానిషు అక్కచెల్లెళ్ళు. అంచేత మీకు స్పానిషు ఎంతో కొంత ముందే వచ్చు. మన అల్మారా వారి ‘ఆర్మార్యో’. మన తువాలు వారి ‘తొవాయా’. మన బొత్తాము వారి ‘బొతోన్’. మన సబ్బు వారి ‘హబోన్’. సబ్బు అయిపోయిందని చెప్పాలంటే ‘నో ఆయ్ హబోన్’.

ఎప్పుడొస్తారు?

మేస్త్రీగారిని అడగవలసినవి రెండే:

క్వాందో ప్వేదె బెనీర్? – ఎప్పుడు రాగలరు?
క్వాంతో బా ఆ కొస్తార్? – ఎంతవుతుంది?

రెండో ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయించుకోండి, పని మొదలుపెట్టక ముందే. అంకెలు ఏ భాషవారికైనా ఒకటే కదా.

మొదటి ప్రశ్నకి జవాబు ‘మన్యానా’ అని వస్తుంది. అంటే రేపు అనీ అర్థమే, పొద్దున అనీ అర్థమే. ఇదేం భాష అనుకోకండి. మన ‘రేపు’కి పూర్వం తెల్లవారుజాము అనే అర్థం వుండేది, ‘రేపూ మాపూ’ అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే. ‘అఓరీతా’ అంటే ఇప్పుడే, ఈ క్షణమే అని. కాని మెక్సికోవారి ‘అఓరీతా’ అయిదు నిమిషాలూ కావచ్చు, సాయంత్రమూ కావచ్చు. మన ఎలక్ట్రీషియను ఫోనులో ‘చెక్‌పోస్టు దాకా వచ్చేశానమ్మా’ అంటాడు చూడండి, అలాంటిది. హైదరాబాదీలు ‘పర్సోఁ’ అంటే అది మొన్న కావచ్చు, మూడేళ్ళ క్రితం కావచ్చు. ఇన్నాళ్ళూ దానికి అలవాటుపడ్డవారికి ఇదొక లెక్కా? రోజూ, గంటా వేళ్ళ మీద చూపించి ఖాయం చేసుకోండి.

వారు గబగబా మాట్లాడితే ‘మాస్ దెస్పాస్యో, పోర్ ఫావోర్’ అనండి – కాస్త మెల్లగా, దయచేసి. మీరన్నది వారికి వినపడకపోతే ‘మాందె?’ అంటారు. ‘ఆజ్ఞాపించండి’ అని దాని అసలు అర్థం. మన పెద్దవాళ్ళు ‘చిత్తం’ అనేవారే, అలాంటి మర్యాద. కోపగించుకున్నారని కంగారుపడకుండా వాక్యం మళ్ళీ చెప్పండి.

సాధన ఎలా?

పై వాక్యాలు ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో పెట్టుకోండి. కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్ళ వాక్యం, స్విచ్చి వేసినప్పుడల్లా కరెంటు వాక్యం పైకి అనండి. మనస్సులో చదువుకుంటే లాభంలేదు, నోరు తిరగాలి. పలుకు ఎలావుందో సరిచూసుకోవడానికి ఫోనులో స్పానిషు పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి. అన్నట్టు, ఇంటి అడ్రసూ, అమ్మాయి ఫోను నంబరూ ఇంగ్లీషులో రాయించి అదే అట్ట వెనక అంటించుకోండి. ఫోనులో తర్జుమా చేసిపెట్టే సాధనాలు వున్నాయి కదా, ఇంత శ్రమ దేనికి అంటారేమో. వాడుకోండి, మంచిదే. కాని ఒక చేత్తో పసిబిడ్డనెత్తుకుని, కాళ్ళకింద నీళ్ళు పారుతుంటే ఫోను వెతుక్కునే తీరిక వుండదు సుమండీ.

ఇబ్బందులకోసమే భాష నేర్చుకుంటే ఇబ్బందులే మాట్లాడతాం. అందుకని ఇంకో రెండు వాక్యాలు కలుపుతున్నాను. ‘ఎల్ బెబే ఎస్తా దొర్మీదో’ – బిడ్డ నిద్రపోతోంది. ఇది చెబితే ఆవిడ చప్పుడుచేసే తుడుపు మిషను కాసేపు ఆపుతుంది. రెండోది, మధ్యాహ్నం వేళ ఆవిడ కనబడగానే మీ నోటికి తెలుగులో ఎలాగూ వచ్చే ప్రశ్న – ‘యా కొమ్యో?’ భోంచేశారా? అని.

మద్రాసులోగాని, హైదరాబాదులోగాని, పై దేశాల్లోగాని ఇలా అవసరానికి భాష నేర్చుకుని ఇల్లు నడుపుకొచ్చిన సోదరీమణులు మన పాఠకుల్లో ఎందరో వుంటారు. మీరు మొట్టమొదట నేర్చుకున్న వాక్యం ఏమిటో, అది ఏ సందర్భంలో అక్కరకొచ్చిందో నాలుగు ముక్కలు రాసి పంపండి. బాగున్నవాటిని ఈ శీర్షికలోనే అందరికీ చెబుతాను.